ఎవరి ముడి వాళ్ళే విప్పుకోవాలి

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఈ రెండూ కుదిరాయి కాబట్టే ఇది రాయగలుగుతున్నాను.

ఒక అబద్ధం ఆడి పదిహేనేళ్ళు దాటింది. మూడే మాటలు. ‘నేను తాళం వేశాను.’ వినడానికి ఎంత చిన్నదో చూడండి. ప్రతి ఇంట్లోనూ రోజూ ఎవరో ఒకరు అనే మాటే. ఆ మూడు మాటలనీ ఇన్నేళ్ళూ మోశాను. పెళ్ళిపందిట్లో మోశాను, పురిటిగదిలో మోశాను, బడిలో పిల్లలకి లెక్కలు చెబుతూ మోశాను. కిందటి నెలలో దించాను. దించాక ప్రాణం తేలికపడింది. తప్పు చేసిన మనిషికి ఇంత హాయి ఉండవచ్చా అని నా మీద నాకే అనుమానం వస్తోంది. కానీ ఉంది. లేదని చెప్పి మళ్ళీ ఇంకో అబద్ధం ఎత్తుకోలేను.

ముందు శనివారం కూటం గురించి చెప్పాలి. అది తెలియకపోతే నా తప్పు మీకు తప్పులా కనిపించదు. ‘ఓస్, ఇంతేనా’ అంటారు. మా ఆయన అలాగే అన్నాడు.

మాది బందరు. మా చర్చి వెనక హాల్లో శనివారం సాయంత్రాలు మగపిల్లల కోసం ఒక కూటం జరిగేది. నడిపింది ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఎనిమిదేళ్ళు నిండిన పిల్లల్ని చేర్చుకునేవారు. అయితే పిల్లాడు ఒక్కడే వస్తే గుమ్మంలోంచే పంపేసేవారు. తల్లో తండ్రో పక్కన కూర్చోవలసిందే. ‘ఇక్కడ నేను వాడికి నిజం నేర్పుతాను. ఇంటికెళ్ళగానే వాళ్ళ నాన్న, ఫోనొస్తే నేను లేనని చెప్పరా అంటాడు. మరి ఎవరికి నేర్పినట్టండీ?’ అనేవారు. అందుకని పిల్లలతోపాటు నాన్నలు కూడా చాపల మీద మోకాళ్ళు నొప్పులు పుట్టేదాకా కూర్చుని పాటలు పాడేవారు. మా చర్చి కుటుంబాలే కాదు, పెడన నుంచి అద్దకం పనివాళ్ళ కుటుంబాలు వచ్చేవి, గిలకలదిండి నుంచి పడవల మీద పనిచేసేవాళ్ళు వచ్చేవారు.

అందరికీ ఒకటే గుర్తు, మెడలో కండువా. పెడనలో ఒక పిల్లాడి తండ్రి అద్ది ఇచ్చినవి, అంచున మామిడిపిందెలు. పిల్లలకీ అదే, పెద్దలకీ అదే. గొంతు దగ్గర ముడి వేసుకోవాలి. ఎవరైనా తప్పు చేస్తే తన ముడి తనే విప్పుకుని, అందరి ముందూ నిలబడి, చేసింది చెప్పాలి. చెప్పాక, ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ళు లేచి వచ్చి మళ్ళీ ముడి వెయ్యాలి. విప్పుకోవడం మన వంతు, కట్టడం వాళ్ళ వంతు. ఎవరి ముడి వాళ్ళే విప్పుకోవాలన్న దగ్గర మాస్టారు మహా పట్టుదల మనిషి. ఇంకొకడి ముడి మీద చెయ్యి వేస్తే ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చేది. ‘నువ్వు విప్పితే సోదా అంటార్రా, వాడు విప్పుకుంటేనే ఒప్పుకోలు’ అనేవారు.

ఇంకో సంగతి, తోక. కూటం బయటికి ఎక్కడికి వెళ్ళినా పిల్లలు వరసగా నడిచేవారు. వరసలో చివరివాణ్ణి తోక అనేవాళ్ళం. వెనక ఎవరూ మిగిలిపోకుండా చూసుకోవడం, దారిలో గేటు ఉంటే మూసి రావడం తోక పని. వేరే చోట తోక అంటే పిల్లలు ఏడుస్తారు. మా దగ్గర తోక కోసం కొట్టుకునేవారు. మాస్టారు ఆ పదవిని అంత గొప్పది చేసిపెట్టారు.

ఆ తోకల్లో మొనగాడు నాని. అసలు పేరు రాయను. గిలకలదిండి పిల్లాడు. అప్పుడు పదేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న మరబోటు మీద వేటకి వెళ్ళేవాడు. నాని ఉప్పుగాలికి ఎర్రబడిన జుట్టుతో, మాట తక్కువగా, ఎప్పుడూ వెనక్కి తిరిగి చూస్తూ నడిచే పిల్లాడు. వాడు తోకగా ఉన్న రోజున మాస్టారు వెనక్కి చూడనే చూసేవారు కాదు. అంత నమ్మకం.

నేను ఆ రోజుల్లో గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదువుతున్నాను. శనివారం ఇంటికి వచ్చి కూటంలో పిల్లలకి పాటలూ కథలూ నేర్పేదాన్ని. అందరూ అక్కా అనేవారు. నిజం చెప్పడం గురించిన కథలన్నీ నేనే చెప్పేదాన్ని. ఇక్కడ చెయ్యి ఆగుతోంది. అయినా రాయాలి. చాలా బాగా చెప్పేదాన్ని.

ఆ వేసవిలో కూటం కుటుంబాలన్నీ కలిసి దివిసీమ వెళ్ళాం, కేంపుకి. నాగాయలంక దాటాక కృష్ణ ఒడ్డున ఒక బడిలో దిగాం. సెలవులు కాబట్టి బడి ఖాళీ. ముందు రోడ్డు, వెనక నది. వెనక గోడకి ఒక ఇనపగేటు. గేటు దాటి నాలుగు అడుగులు వేస్తే రేవు, రేవు పక్కన మడచెట్లు, బురద. అక్కడ నీళ్ళు ఒక్కలాగా ఉండవు, సముద్రం పోటు మీదుంటే ఎక్కుతాయి, తీస్తే బురద తేలుతుంది. పిల్లల కేంపు కాబట్టి ఆ గేటుకి ఎప్పుడూ తాళం ఉండాలని మాస్టారు చెప్పారు. తాళంచెవి వరండాలో మేకుకి తగిలించారు. ‘అమ్మా, గేటు నీది’ అన్నారు నాతో. సరేనన్నాను.

అప్పట్లో నాకొక అబ్బాయి ఉండేవాడు. చెప్పుకోవలసినంత ప్రేమకథేమీ కాదు, ఫోన్లో నవ్వుకోవడం తప్ప. కానీ మా నాన్న సంఘపెద్ద. ఆయనకి తెలిస్తే చదువు ఆ పూటే ఆగిపోయేది. బడి ఆవరణలో సిగ్నల్ లేదు. నది ఒడ్డున వచ్చేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దలు వరండాల్లో నడుం వాల్చారు, పిల్లలు ముందువైపు ఆటల్లో ఉన్నారు. నేను మేకు మీద చెవి తీసుకుని, గేటు తెరిచి, ఒడ్డుకి వెళ్ళి మాట్లాడాను. తిరిగి వచ్చాను. గేటు దగ్గరికి లాగాను. తాళం వెయ్యలేదు.

మరిచిపోయానని రాయాలని ఉంది. చాలా ఏళ్ళు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. అది కూడా నిజం కాదు. ఇంకో గంటలో మళ్ళీ మాట్లాడాలి కదా, మళ్ళీ చెవి తియ్యడం ఎవరైనా చూస్తారు కదా అని తాళాన్ని కొక్కేనికి ఊరికే తగిలించి వచ్చాను. చెవి మాత్రం మేకుకి బుద్ధిగా పెట్టాను. ఆ అబ్బాయిని నేను పెళ్ళి కూడా చేసుకోలేదు. ఆ పూట ఏం మాట్లాడుకున్నామో ఒక్క ముక్క గుర్తు లేదు. దేనికోసం ఇంత చేశానో తలచుకుంటే నవ్వు వస్తుంది.

టీ వేళకి ఎవరో బంటి ఏడీ అన్నారు. బంటి అయిదేళ్ళవాడు, వాళ్ళ అన్నయ్య కూటంలో ఉన్నాడని తల్లిదండ్రులతో వచ్చాడు. వాళ్ళ నాన్నది బందర్లో బట్టల దుకాణం, చర్చిలో కాస్త పలుకుబడి ఉన్న మనిషి. గదులన్నీ వెతికాం, బాత్రూములు వెతికాం. బంటి వాళ్ళమ్మ ఏడుపు అందుకుంది. అప్పుడు వెనకగేటు తోసుకుని నాని వచ్చాడు. వాడి వీపు మీద బంటి. ఇద్దరూ ఛాతీదాకా బురద. పోటు ఎక్కుతోంది, నాని కాళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

బంటి వాళ్ళ నాన్న కొడుకుని లాక్కుని నాని మీద అరిచాడు. నీళ్ళు కనిపిస్తే ఆగలేవురా, పసివాణ్ణి అందులోకి తీసుకెళ్తావురా అని. నాని ఒగర్చుతూ ఒకటే అన్నాడు. “నేను తీసుకెళ్ళలేదండి. తీసుకొచ్చానండి.”

ఎవరూ వినలేదు. పడవలవాళ్ళ పిల్లాడు, నీళ్ళు చూస్తే ఆగడు. అందరి తలల్లోనూ ఆ మాట తయారుగా ఉంది. మాస్టారు మాత్రం నావైపు తిరిగి, గేటు ఎలా తెరుచుకుందమ్మా అని అడిగారు. నా పక్కనే మా నాన్న ఉన్నాడు. అప్పుడు అన్నాను ఆ మూడు మాటలు. ఎవరూ నన్ను రెండోసారి అడగలేదు. నేను నిజం కథలు చెప్పే పిల్లని కదా.

అక్కడితో ఆగినా కొంత నయం. ఆగలేదు. ‘నేను వాడితో మాట్లాడతాను, భయపడి ఉన్నాడు’ అని నాని చెయ్యి పట్టుకుని ఒక తరగతి గదిలోకి తీసుకెళ్ళాను. ఎందుకు తీసుకెళ్ళాను? వాడు నన్ను గేటు దగ్గర చూశాడేమోనని భయం. చూడలేదని రెండు మాటల్లోనే తెలిసిపోయింది. ఆ తర్వాత మాట్లాడినదంతా ఊరికే, నా జాగ్రత్త కోసం.

“గేటు నువ్వే తీసుంటావు నానీ. గుర్తు తెచ్చుకో.”

“లేదక్కా. తీసే ఉంది. బంటిగాడు బయటున్నాడు. ఈ రోజు నేనే గదా తోకని, అందుకని ఎల్లాను.”

“నేను తాళం వేశాను నాన్నా. వేసిన తాళం దానంతట అది ఊడదు కదా.”

“ఊడదక్కా.”

“చెవి మేకుకే ఉంది. నీకు అందుతుంది కదా?”

“అందుద్ది.”

“మరి?”

నాని తన చేతులవంక చూసుకున్నాడు. బురద ఎండి తెల్లబడుతున్న చేతులు. అవి ఏం చేశాయో అవే చెబుతాయన్నట్టు చాలాసేపు చూశాడు.

“తీసి మర్చిపోయానేమోక్కా,” అన్నాడు.

“కంగారులో అలా అవుతుంది నాన్నా.”

“అయితే ఇప్పుకోనా?”

“విప్పుకో.”

ముడి నీళ్ళకి తడిసి బిగుసుకుపోయింది. వాడి వేళ్ళకి రాలేదు. గోళ్ళతో లాగాడు, పళ్ళతో లాగబోయాడు. బయట అందరూ ఎదురుచూస్తున్నారు. నేను వంగి నా చేతులతో ఆ ముడి విప్పాను. ఇంకొకరి ముడి మీద చెయ్యి వెయ్యకూడదని ఆ పిల్లలకి ఎన్ని శనివారాలు చెప్పానో నాకే తెలియదు. తడిసిన గుడ్డ, బురద వాసన, వాడి గొంతు కొట్టుకోవడం నా వేళ్ళకి తగలడం, ఇవి మాత్రం నన్ను ఒక్క రోజు కూడా వదల్లేదు.

వాడు అందరి ముందూ నిలబడి, గేటు నేనే తీశానండి, మర్చిపోయానండి అన్నాడు. ముడి వెయ్యవలసింది బంటి వాళ్ళ నాన్న. ఆయన లేవలేదు. ‘ఈ పిల్లాణ్ణి తప్పించండి మాస్టారూ’ అన్నాడు. అంటే కూటంలోంచి తీసేయండి అని. అప్పుడు నేను లేచాను. పిల్లాడు నిజం చెప్పాడు కదండీ, నిజం చెప్పినవాణ్ణి పంపేస్తే రేపు ఎవరు చెబుతారండీ అని మాట్లాడాను. నేను మాట్లాడితే ఎవరైనా వినవలసిందే. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నానిని ఉంచారు. చివరికి వాళ్ళ నాన్నే వచ్చి కొడుక్కి ముడి వేశాడు. వేసి, నా దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

“మావోణ్ణి తప్పించారండి,” అన్నాడు. “మర్చిపోమండి.”

ఒకే మాట చూడండి. ఒకాయన వాణ్ణి తీసేయమని ఆ మాట అన్నాడు, ఇంకొకాయన వాణ్ణి గండం నుంచి బయటపడేశానని అదే మాట అన్నాడు. రెండింటిలోనూ ఉన్న తప్పు నాది. ఆ మాట ఎక్కడ వినబడినా ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

నానిని మళ్ళీ తోకని చెయ్యలేదు. మాస్టారు చేద్దామన్నా బంటి వాళ్ళు ఒప్పుకోలేదు. వర్షాలు మొదలయ్యేసరికి నాని రావడం మానేశాడు. వాడు మానేసిన రోజున నాకు ఊపిరి వచ్చిందని కూడా రాస్తున్నాను. చేసిన తప్పు వాడి మీద వేశాను, వాడు చేసిన మంచిపనిని కూడా వాడి దగ్గర ఉంచలేదు. ఒక పసివాణ్ణి పోటులోంచి వీపున వేసుకు వచ్చిన పిల్లాడు, ఒక పసివాణ్ణి చంపబోయిన పిల్లాడిగా మిగిలిపోయాడు.

నాకు పెళ్ళయి గుడివాడ వచ్చాను. బడిలో టీచరుగా కుదిరాను. ఆ చేపలు గుడివాడకీ వచ్చాయి. అవును, చేపల సంగతి చెప్పలేదు కదూ. నాని వాళ్ళ నాన్న కేంపు అయిన నెలలోనే మా ఇంటికి వంజరం తెచ్చి ఇచ్చాడు. అప్పటి నుంచి వేట బాగా పడినప్పుడల్లా ఇస్తూనే ఉన్నాడు. ఒకసారి పీతలు, ఒకసారి రొయ్యలు. నేను గుడివాడ వచ్చాక ఐసు పెట్టెలో సర్ది బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవాడు. వద్దని ఎన్నిసార్లు చెప్పానో. మీరు తప్పించిన మనిషికి ఆ మాత్రం చెయ్యమా అండి అనేవాడు. మా ఆయన లొట్టలు వేసుకుని తినేవాడు. నాకు ముద్ద దిగేది కాదు. చేపలు పడవని ఇంట్లో చెప్పేశాను. బందర్లో పుట్టినదానికి చేపలు పడవట. అత్తగారు చాలాకాలం నన్ను వింతగా చూశారు.

కిందటి వేసవిలో పుట్టింటికి వెళ్ళినప్పుడు నాని వాళ్ళ నాన్నకి ఒక మాట చెప్పి వద్దామని గిలకలదిండి వెళ్ళాను, ఇక పంపవద్దని గట్టిగా చెబుదామని. నాని గురించి అడిగాను. రేవులో వలలు బాగుచేస్తున్నాడని చెప్పాడు. బోటు మీదికి వెళ్ళడం లేదా అన్నాను. ఆయన నవ్వాడు, ఆ నవ్వులో సంతోషం లేదు.

“యజమాని సరంగుగా ఉండమంటున్నాడండి మావోణ్ణి. బోటు చేతికిస్తానంటున్నాడు. ఈడు ఒద్దంటాడు. నాకు మతిమరుపు, పదిమంది ప్రాణాలు నాకొద్దంటాడు. ఐసు గదికి తాళమేసి, లాగి చూసి, నాలుగడుగులేసి, మళ్ళీ ఎనక్కొచ్చి లాగి చూస్తాడండి. రేవంతా నవ్వుద్ది. చిన్నప్పట్నించీ అంతే. ఆ కేంపు నించి.”

ఎలా ఇంటికి వచ్చానో తెలియదు. అంతవరకు నా బరువు నాదే అనుకున్నాను. వాడు మరిచిపోయి ఉంటాడు, హాయిగా ఉంటాడు అనుకున్నాను. నేను ఆ పిల్లాడి దగ్గర లాక్కున్నది వాడి బుర్ర మీద వాడికి ఉన్న నమ్మకం అని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. కళ్ళతో చూసినదాన్ని కూడా వాడు నమ్మలేకుండా చేశాను. ఇంత తెలిసి కూడా చెప్పానా? లేదు. ఆయనకి చేపలు వద్దని చెప్పడం కూడా మరిచిపోయి వచ్చాను. ఇంకో ఏడాది గడిపేశాను.

చివరికి నన్ను కదిపింది మావాడు. ఎనిమిది నిండాయి వాడికి. మాస్టారి శిష్యుడొకాయన గుడివాడలో అలాంటి కూటమే మొదలుపెట్టాడు. అవే కండువాలు, అదే ముడి. తల్లి పక్కన కూర్చోవాలి, మెడలో కండువా వేసుకోవాలి. నేను తప్పించుకుందామని చూశాను, నాన్నని తీసుకెళ్ళరా అన్నాను. మా ఆయనకి శనివారాలు డ్యూటీ. వెళ్ళాను. వేసుకున్నాను. రెండో వారమో మూడో వారమో, మావాడు పరిగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చి, అమ్మా, నేను తోక అని గంతులు వేశాడు. ఆ రోజు ఇంటికొచ్చి స్నానాలగది తలుపు వేసుకుని ఏడ్చాను. కొళాయి తిప్పి మరీ ఏడ్చాను.

మా ఆయనకి మొదట చెప్పాను. ఆయన మంచివాడు. ఓస్, ఇంతేనా, ఇప్పుడెందుకు కెలకడం, ఆ అబ్బాయి మరిచిపోయి ఉంటాడులే అన్నాడు. మరిచిపోయాననే కదండీ వాడి బాధంతా అన్నాను. ఆయనే మర్నాడు బస్సెక్కించాడు.

నాని రేవులో ఒక బోటు నీడన కూర్చుని వల అల్లుతున్నాడు. వేలంపాట అయిపోయింది, ఐసు ముక్కలు కరిగి నేలంతా తడి. వాడు లేచి, అక్కా మీరా అని తను కూర్చున్న పీట నాకు వేశాడు. అది నాకు ఇంకా కష్టమైంది. కూర్చోలేదు. బస్సులో ఎన్నో మాటలు కూర్చుకున్నాను, ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి. ఒక్కటీ రాలేదు. ఆ రోజు గేటుకి నేను తాళం వెయ్యలేదు నానీ, కావాలనే వెయ్యలేదు, నువ్వు తియ్యలేదు అని చెప్పాను. ఫోను సంగతి చెప్పాను, తరగతి గదిలో నిన్ను తిప్పి తిప్పి అడిగింది నన్ను కాపాడుకోవడానికని చెప్పాను. జీవితంలో మొదటిసారి నా మాటలకి అందం లేదు.

వాడి చేతిలో వల కదలడం ఆగింది. ఒక్క ప్రశ్న అడిగాడు.

“అంటే, తీసే ఉందా అక్కా?”

“తీసే ఉంది.”

“నాకు గుర్తుంది,” అన్నాడు మెల్లగా. “తీసున్న గేటే గుర్తుంది నాకు. ఎప్పుడు తలుచుకున్నా అదే కనబడేది. నా బుర్రే పాడైందనుకున్నాను.”

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. కోపంగా కాదు, ఎండకి పెట్టుకున్నట్టు పెట్టాడు. ఇక ఎల్లండక్కా అన్నాడు. వాళ్ళ నాన్న కొద్ది దూరంలో ఉన్నాడు. ఆయనకీ నేనే చెప్పాను. ఆయన అంతా విన్నాడు. తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు.

“తప్పించారనుకున్నామండి,” అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాట అని తిరిగి వెళ్ళిపోయాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేను రోడ్డెక్కి వెనక్కి చూస్తే నాని ఐసు గది తాళం వేస్తున్నాడు. లాగి చూశాడు. కొంచెం నడిచి, ఆగి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూశాడు. నేను వెళ్ళి నిజం చెప్పినంత మాత్రాన ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? పోతుందని ఎలా అనుకున్నాను?

ఆ శనివారమే బందరు హాలుకి వెళ్ళాను. మాస్టారికి ఇప్పుడు చూపు ఆనడం లేదు, ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెడతారు. కుటుంబాలన్నీ ఉన్నాయి. బంటి వాళ్ళ నాన్న కూడా ఉన్నాడు, నేనే రమ్మన్నాను. నా ముడి నేనే విప్పుకున్నాను. మీ బంటిని నాని తీసుకెళ్ళలేదండీ, తీసుకొచ్చాడు, వాడు ఆ రోజే చెప్పాడు అన్నాను. ఆయన తల వంచుకున్నాడు. ఆయన గిలకలదిండి వెళ్ళాడో లేదో నాకు తెలియదు, అడిగే హక్కూ లేదు. మా నాన్న ఆ రోజు నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మాస్టారు మాత్రం, ముడి వెయ్యవలసిన మనిషి ఇక్కడ లేడు కదమ్మా అన్నారు. లేడండి అన్నాను. అయితే అలాగే ఉంచు అన్నారు.

అలాగే ఉంచాను. చేపలు రావడం ఆగిపోయింది. మీకు విచిత్రంగా ఉంటుంది గాని, మొన్న ఆదివారం గుడివాడ మార్కెట్లో నా అంతట నేను వెళ్ళి చేపలు కొనుక్కుని, పులుసు పెట్టుకుని, రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. మా అత్తగారు కళ్ళు పెద్దవి చేసుకుని చూశారు. పడవన్నావు కదే అన్నారు. పడతాయండి, అబద్ధం చెప్పాను అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. రాత్రి నిద్ర పట్టింది. వాడికి చేసినదానికి నాకు నిద్ర పట్టకూడదేమో. పట్టింది. ఏం చెయ్యను?

నాని ముడి వెయ్యడానికి వస్తాడని నేను ఎదురు చూడటం లేదు. రానక్కరలేదు. బోటు తీసుకున్నాడని ఎప్పుడైనా వినాలని మాత్రం ఉంది. వినకపోవచ్చు కూడా.

మొన్న శనివారం కూడా విప్పి ఉన్న కండువాతోనే కూటానికి వెళ్ళాను. నీ ముడి ఎవరు వేస్తారమ్మా అని మావాడు అడిగాడు. ఒకబ్బాయి వెయ్యాలి, వెయ్యకపోయినా ఫరవాలేదు అన్నాను. ఆ రోజు కూడా తోక వాడే. కూటం అయ్యాక అందరూ వరసగా బయటికి నడిచారు, నేను వాడికి కొంచెం ముందున్నాను. వాడు గేటు మూసి, తాళం వేసి, నాలుగడుగులు వేసి, ఏదో తోచి ఆగిపోయాడు. వెనక్కి చూశాడు, నావైపు చూశాడు.

“అమ్మా, నేను తాళం వేశానా?”

“వేశావు నాన్నా,” అన్నాను. “నేను చూశాను.”